ముందే చెప్పి చేసే మనిషి

మా సోషల్ సారు పోయారని ఫోన్లో మెసేజ్ వస్తే నేను నమ్మలేదు. బాన్సువాడ బస్టాండు దగ్గర ఇద్దరిని అడిగి, ఆయన ఇంటికి వెళ్లి, వాకిట్లో అన్ని జతల చెప్పులు చూశాక గానీ రూఢి కాలేదు. నా బుద్ధే అంత. ఎవరేం చెప్పినా వెనకాల ఇంకేదో ఉందనిపిస్తుంది.

సారుది పూర్తిగా వేరే బుద్ధి. పరీక్షలో రాబోయే ప్రశ్నలు ముందురోజే బోర్డు మీద రాసేవారు. ఇందులో ఏదో మతలబు ఉందని నేనొక్కడినే అవి వదిలేసి, మిగతావన్నీ చదివి తప్పాను. ఉప్పు సత్యాగ్రహం పాఠంలోనూ ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది, చట్టం మీరబోతున్నామని తెల్లదొరకు ముందే ఉత్తరం రాయడం.

"దాసిపెట్టి చేస్తే మనకు భయమున్నట్టు. చెప్పి చేస్తే అవతలోనికి సుత మారే మౌకా ఇచ్చినట్టు," అనేవారు.

ఆయన రిటైరయ్యాక ఒక యాసంగిలో, వరి పొట్టకొచ్చే వేళకు, నిజాంసాగర్ కాలువ చివరనున్న మా పొలాలకు నీళ్లందలేదు. నీళ్లు వదిలేదాకా కాలువ తూము మీద కూర్చుందామని సారు అందరినీ కూడగట్టారు. ముందురోజు సాయంత్రం ఆయనొక్కరే నీళ్ల ఆఫీసుకు వెళ్తుంటే అనుమానమొచ్చి వెంటపడి, గోడ పక్కన నిలబడ్డాను.

"రేపు తొమ్మిదింటికి తూము మీద కూసుంటం. కట్టెలు తేం, తిట్టం. కొట్టినా లేవం. పోలీసులను పిలుస్తరా, పిలుసుకోండ్రి," అని ఇంజనీరుతో చెబుతున్నారు.

నాకు ఒళ్లు మండింది. సారు ఆఫీసువాళ్ల మనిషని, మన సంగతంతా ముందే చేరవేశారని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. తెల్లారి ఆయన పక్కన కూర్చున్నది ఆరుగురే. పోలీసులు లేపినకొద్దీ మళ్లీ వచ్చి కూర్చున్నారు. మంది తక్కువై నాలుగో రోజుకు గానీ నీళ్లు వదల్లేదు; నా మాట నమ్మి ఇంట్లో ఉండిపోయిన మా పక్క పొలం పెద్దాయన మడి అప్పటికే ఎండిపోయింది. పుకారు ఎవరు పుట్టించారని సారు ఎన్నడూ అడగలేదు.

మొన్న పాడె దగ్గర, పక్క పొలం పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చుని ఉండగా, ఆ ఇంజనీరు నా పక్కకొచ్చాడు.

"ఆ దినం మీ సారు నన్ను జర గట్టిగ మాట్లాడుమన్నడు. బయట మావోడు నిలవడ్డడు, ఆయనకు సుత ఇనపడాలె అన్నడు. గాయన ఎవరో మీకేమన్న ఎరుకనా?"

ఇదీ అబద్ధమేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ అవతలోనికి సుత మౌకా ఇచ్చే ఆ మాట సారుదే.

"నేనే," అన్నాను. తర్వాత నేను ఊళ్లో ఏం చెప్పుకొచ్చానో కూడా అందరికీ వినపడేలా చెప్పాను.

పక్క పొలం పెద్దాయన నా భుజం మీద వేసిన చెయ్యి తీసేశాడు. లేచి వెళ్లి పాడెకు అవతలి వైపు కూర్చున్నాడు.