ఔట్‌బాక్స్‌లో ఐదు రోజులు

2023, కార్తీకమాసం. అమలాపురంలో గల్ఫ్ వెళ్ళేవాళ్ళ కాగితాల పని చూసే ఒక చిన్న ఆఫీసు. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక స్విచ్. స్విచ్ అంటే గోడమీద నొక్కేది కాదు, కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే చిన్న పెట్టె. దాన్ని అక్కడ బిగించింది నేనే. పదిహేనేళ్ళుగా ఊళ్ళో నా పని అదే.

సోమవారం పొద్దున్న గుమస్తా సూరిబాబుగారు ఫోన్ చేశారు.

"నెట్ నత్తలాగుందండి, ఓసారొచ్చి చూద్దురూ."

రోజూ వినే ఫిర్యాదే కదా అని టిఫిన్ చేసి తీరిగ్గా వెళ్ళాను.

అక్కడ బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. పేరు నాగమణి. ఓడలరేవు నుంచి రోజూ ఆటోలో వస్తోందట. భర్త గల్ఫ్‌లో పనిచేస్తూ గుండెపోటుతో పోయాడు. శవాన్ని ఇంటికి పంపమని ఆమె సంతకం చేసిన కాగితాన్ని సూరిబాబుగారు బుధవారమే స్కాన్ చేసి కంపెనీకి మెయిల్ పెట్టారు. జవాబు లేదు.

"వాళ్ళకి శుక్ర, శనివారాలు సెలవులమ్మా. ఇవాళో రేపో కబురొచ్చేస్తుంది," అని ఆయన సర్దిచెబుతున్నారు.

"మనిషి పోయినా వాళ్ళకి జాలి లేదాండి?" అంది ఆమె, ఎవరివంకా చూడకుండా.

సూరిబాబుగారి కంప్యూటర్ నుంచి పింగ్ కొట్టాను. అంటే అవతలి యంత్రాన్ని "ఉన్నావా?" అని పిలవడం. పది పిలుపుల్లో నాలుగింటికి పలుకు లేదు. మిగతా కంప్యూటర్లు బాగానే ఉన్నాయి. కేబుల్ మార్చినా అదే వరస. చివరికి స్విచ్‌లో కేబుల్ దూర్చే కన్నంలోకి టార్చి వేసి చూశాను. లోపల పసుపు ఎండిపోయి, పిన్నులకి చిలుము పట్టి ఉంది.

దసరా ఆయుధపూజనాడు కేబుళ్ళన్నీ పీకి, స్విచ్ తుడిచి, తడిపసుపుతో బొట్లు పెట్టింది నేనే. "నెట్టంతా మీ చలవేనండి, మీ చేత్తోనే పెట్టాలండి" అని సూరిబాబుగారు ముచ్చటపడితే, ఉబ్బిపోయి కన్నం కన్నానికీ దిద్దాను.

కేబుల్ని పక్క కన్నంలోకి మార్చి, మెయిల్ తెరిచి చూశాను. ఔట్‌బాక్స్‌లో, అంటే వెళ్ళాల్సిన మెయిళ్ళు ఆగే చోట, ఒకటి పడి ఉంది. చిన్న మెయిళ్ళు ఎలాగో వెళ్ళిపోయాయి. బరువైన ఆ స్కాన్ మాత్రం బుధవారం నుంచి కదల్లేదు. నేనూ సూరిబాబుగారూ చూస్తుండగానే వెళ్ళిపోయింది.

సూరిబాబుగారు బెంచీ వైపు ఓసారి చూసి నా చెవి దగ్గరికి వంగారు.

"ఎలాగూ వెళ్ళిపోయింది కదండీ. ఆవిడకి చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను," అని గొణిగారు.

చెప్పకపోతే నా పరువూ దక్కుతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, తీగలు సర్దేసి వెళ్ళిపోదామనే అనుకున్నాను. కానీ ఏ పాపమూ ఎరగని కంపెనీవాళ్ళని ఆమె ఆడిపోసుకుంటుంటే వినలేకపోయాను.

"వాళ్ళ తప్పేం లేదమ్మా. కాగితం ఇక్కణ్ణించి ఇప్పుడే వెళ్ళింది. తప్పు నాది," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు వెళ్ళిందాండి?"

"ఆయ్, వెళ్ళిందమ్మా."

"అయితే ఇన్నాళ్ళూ ఆయన్ని రమ్మని ఎవరూ పిలవనే లేదన్నమాట," అని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

శవం మరో వారానికి వచ్చింది. ఓడలరేవు వెళ్ళి దూరంగా నిలబడ్డాను. దగ్గరికెళ్ళే మొహం లేకపోయింది.

ఇప్పుడు ఆయుధపూజకి ఎవరు పిలిచినా బొట్టు స్విచ్ మూత మీదే పెడతాను. ఏ ఆఫీసుకెళ్ళినా ముందు ఔట్‌బాక్స్ తెరుస్తాను. నెట్ స్లోగా ఉందని ఎవరు ఫోన్ చేసినా తీరిగ్గా మాత్రం వెళ్ళలేను. అక్కడ బెంచీ మీద ఎవరు కూర్చుని ఉన్నారో నాకు తెలియదు కదా.