ఎడమవైపు పెట్టె

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా లేదు. కర్నూలులో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు అమ్మే అంగడి నాది. పాట వినబడాలంటే కరెంటు ఉండాలి, తీగ ఉండాలి, తీగ చివర అదిరే కోను ఉండాలి. ఇందులో ఏది లేకపోయినా పాట రాదని కొనేవాళ్లకు చెబుతూ ఇరవై ఏళ్లు బతికాను. మైదుకూరులో మా అక్క ఇంట్లో జరిగింది ఇన్నాళ్లూ బయట చెప్పకపోవడానికి కారణం అదే.

మా బావకు మైదుకూరు బజారులో బట్టల అంగడి ఉండేది. ఆయనకున్న ఒకే ఒక సోకు పాటలు వినడం. పెళ్లయిన కొత్తలో సరుకు కోసం మద్రాసు వెళ్లి, సరుకుతోపాటు ఒక టేప్‌రికార్డరు, ఆంప్లిఫయరు, పుస్తకాల అరలో పట్టే చెక్క స్పీకర్ల జత తెచ్చాడు. టేకు రంగు పెట్టెలు, ముందు గోధుమరంగు గుడ్డ. గుడ్డ వెనక పెద్ద కాగితపు కోను ఒకటి, దాని పైన సన్నని శబ్దాలకు చిన్నది ఒకటి. హాల్లో గోడ అలమరలో చెరో కొసన పాతికేళ్లు ఉన్నాయవి.

వాటి గురించి మా ఇద్దరికీ ఎప్పుడూ వాదనే. నేను అమ్మేవి కొత్తరకం. పెట్టె ఆ పాతవాటిలో సగం ఉండదు. కోను ప్లాస్టిక్ కలిసినది, తేమకు మెత్తబడదు. వెనక గాలి ఆడే గొట్టం ఉంటుంది కాబట్టి అంత చిన్న పెట్టెలోంచి కూడా తబలా దెబ్బ గుండెకు తగులుతుంది. బావ అంతా ఓపిగ్గా వినేవాడు, ఒప్పుకునేవాడు కాదు.

"మీ కొత్తవి ఇల్లంతా నింపుతాయప్పా. మావి మనిషిని తెచ్చి ఎదురుగా కూర్చోబెడతాయి. నాకు మనిషి సాలు," అనేవాడు.

పైగా తన పెట్టెలు ఒక్కనాడూ చెడిపోలేదని, నా అంగట్లోవి మూడేళ్లకే మూలపడతాయని వచ్చినవాళ్లందరి ముందూ ఎగతాళి చేసేవాడు. చివరి రెండేళ్లు మాత్రం నేను వెళ్లినప్పుడు పాట పెట్టమంటే ఏదో ఒక సాకు. కరెంటు ఎక్కువతక్కువగా వస్తోందనేవాడు, తల నొస్తోందనేవాడు. వయసు మీద పడింది కదా అనుకున్నాను.

రెండువేల ఐదులో, దసరా సరుకు దించుకుంటూ, గుండె ఆగి అంగట్లోనే పోయాడు.

అక్క ఏడవలేదు. వంట చేసేది, కూతురికి పెట్టేది, తాను రెండు ముద్దలు తిని లేచేది. ఎవరైనా ఆయన మాట ఎత్తితే పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయేది. కూతురు రాధ ఆ ఊళ్లోనే బడిలో టీచరు, అమ్మతోనే ఉంటుంది. ఆరు నెలల తరువాత నాకు ఫోన్ చేసింది. అమ్మ రవికలన్నీ వదులైపోయాయని, రెండుసార్లు కుట్టించినా మళ్లీ వదులవుతున్నాయని చెప్పింది.

ఏం చెయ్యాలో తోచక, తెలిసిన పనే చేశాను. అంగట్లోంచి ఒక కొత్త జత తీసుకుని మైదుకూరు బస్సెక్కాను. ఆ పాత పెట్టెలు కళ్లెదుట ఉన్నంతకాలం ఆమె కోలుకోదని, వాటిని తీయించి కొత్తవి పెట్టాలని నా ఉద్దేశం.

ఏప్రిల్ మధ్యాహ్నం. రాధ పరీక్షల పని మీద బడికి వెళ్లింది. రెండు గంటలకు కరెంటు వచ్చింది. ఆ ఆంప్లిఫయరుకు రెండు జతలు తగిలించి, స్విచ్చితో ఏదో ఒకటి వినే వీలుంది. పాతవాటి తీగలు ఎప్పటివో అట్లాగే ఉంటే వాటిని ముట్టుకోలేదు. కొత్తవి పక్కనే సర్ది రెండో జతగా కలిపాను. బావ క్యాసెట్లలో పైనున్నది తీసి పెట్టాను. దాని మీద ఏమీ రాసి లేదు.

అది అక్క గొంతు. రాధ పసిబిడ్డగా ఉన్నప్పుడు పాడిన జోలపాట. ముందే తెలిస్తే పెట్టేవాణ్ణి కాదు. అక్క వంటింట్లోంచి వచ్చి గడప మీద నిలబడిపోయింది.

కొత్త స్పీకర్లలో అన్నీ వినిపించాయి. టేపు బుస, ఫ్యాను చప్పుడు, వీధిలో సైకిలు బెల్లు, ఉయ్యాల గొలుసు కిర్రుమనడం. వాటి పనితనానికి లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. అక్క సగం పాట దాకా విన్నది.

"ఎవరో పాడినట్టుండాది. ఇవి తీసేసి పాతవాట్లో పెట్టప్పా," అంది.

తీగలు పూర్తిగా ఊడదీసి కొత్త పెట్టెలను దించి నేల మీద పెట్టాను. ఈ సంగతి నాకు స్పష్టంగా గుర్తుంది. ఒక తీగ కొస బొటనవేలికి గుచ్చుకుని నెత్తురు వచ్చింది.

పాతవాట్లో తబలా దెబ్బలాంటి బరువు లేదు. పైన మెరుపు లేదు. సైకిలు, ఫ్యాను ఎక్కడో మరుగైపోయాయి. గొంతు మాత్రం ముందుకు వచ్చింది. ఊపిరి తీసుకోవడం, ఒకచోట బిడ్డను చూసి నవ్వు ఆపుకోవడం, అన్నీ. రెండు పెట్టెల నడిమధ్యన పాతికేళ్లనాటి మా అక్క కాళ్లు చాపుకుని కూర్చుని పాడుతున్నట్టుంది. బావ అన్న మాట నాకు ఆ రోజు బోధపడింది.

పాత జత ఎవరింట్లో చూసినా నేను చేసే పరీక్ష ఒకటుంది. ఏదో ఒక పెట్టె ముందుగా ముసలిదవుతుంది కాబట్టి, బ్యాలెన్సు మీట అటొకసారి ఇటొకసారి తిప్పి రెండూ విడివిడిగా వింటాను. ఆ రోజూ తిప్పాను. పూర్తిగా ఎడమకు తిప్పినప్పుడు కుడిది నోరు మూసుకుంది, పాట ఎడమ పెట్టెలోంచే వచ్చింది. గుడ్డ మీద అరచెయ్యి ఆనించాను. సన్నగా అదురుతోంది. పాట సాగినప్పుడు అదిరింది, ఆమె ఊపిరి తీసుకున్నచోట ఆగింది.

"ఎడమది కుడిదానికంటే బాగుందక్కా," అన్నాను కూడా.

అక్క వచ్చి బావ కుర్చీలో కూర్చుంది. ఆయన పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. పాట అయిపోయేలోపే ఏడుపు వచ్చింది. ఆగకుండా, చిన్నపిల్లలా ఏడ్చింది. తరువాత తనంతట తానే మాట్లాడింది. ఆ రోజు తనకు తెలియకుండా బావ తలుపు చాటున మైకు పట్టుకుని నిలుచున్నాడట. చెయ్యి నొప్పెట్టి చివర్లో మైకు కింద పడేశాడట. పట్టుబడినాడని చెబుతూ నవ్వింది. అదే పాట నాలుగుసార్లు పెట్టించుకుంది. ఆపైన ఆకలిగా ఉందని చెప్పి, పొద్దుటి సద్ద రొట్టె, పప్పు తెచ్చుకుని అక్కడే కూర్చుని తిన్నది.

ఆమె తింటుండగా, ఇంత పాత కాగితం ఎట్లా చెడకుండా ఉందో చూద్దామని ఎడమ పెట్టె ముందున్న గుడ్డ చట్రం లాగాను.

లోపల ఏమీ లేదు. ఒక పెద్ద గుండ్రటి రంధ్రం, పైన ఒక చిన్న రంధ్రం. లోపలి తీగల కొసలకు నల్ల టేపు చుట్టి ఉంది. పెట్టె అడుగున దుమ్ము.

అక్క లేచి వచ్చి రంధ్రంలో చెయ్యి పెట్టి తడిమింది. "ఖాళీగా ఉండాది," అంది.

రాధ బడి నుంచి వచ్చేసరికి నేను అట్లాగే నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి పెట్టెను చూసి నవ్వేసింది. "చూసేసినావా మామా. రెండేళ్లు దాటింది కాలిపోయి. నీకు తెలిస్తే ఎగతాళి చేస్తావని, అమ్మకు కూడా చెప్పొద్దని నాన్న నాతో ఒట్టు పెట్టించుకున్నాడు," అని బీరువాలోంచి ఒక మూట తెచ్చింది. బావ తువ్వాలులో చుట్టిన రెండు కోన్లు. మీటరు పెట్టి చూశాను. రెండింటిలోనూ తీగచుట్ట తెగిపోయి ఉంది.

వెంటనే అదే క్యాసెట్టు పెట్టి ఎడమకు తిప్పాను. నిశ్శబ్దం. కుడికి తిప్పితే వచ్చింది. మూడుసార్లు చూశాను.

కుడిదాని శబ్దం గోడకు తగిలి వచ్చిందేమో అనుకున్నాను. కానీ మీట పూర్తిగా ఎడమకు తిప్పి ఉంది. కొత్తవాటిలోంచి వచ్చిందేమో అంటే, వాటి తీగలు ఊడి నేల మీద ఉన్నాయి. ఇద్దరం భ్రమపడ్డామేమో అంటే, భ్రమపడిన అరచెయ్యికి అక్క ఊపిరి తీసుకున్నచోటు ఎట్లా తెలిసింది? శబ్దం పని తెలిసిన స్నేహితులిద్దరిని, మరెవరికో జరిగినట్టు అడిగి చూశాను. ఇద్దరూ చెప్పింది నేను చెప్పుకున్న ఆ మూడు కారణాలే.

ఆ కోన్లను కర్నూలు పాతబస్తీలో తీగలు చుట్టే ఒక సాహెబుకు ఇచ్చాను. ఇవి కాలి శానా దినాలైందని ఆయనా అన్నాడు. రెండు వారాల్లో బాగుచేసి ఇచ్చాడు.

మైదుకూరు తీసుకువెళ్లి, స్క్రూడ్రైవరు చేతిలో పెట్టుకుని అక్కను అడిగాను. బిగించనా, ఖాళీగానే ఉంచనా అని. బిగిస్తే ఆమెకు ఏదో లేకుండా చేసినవాణ్ణి అవుతానేమోనని నిజంగానే భయం వేసింది.

అక్క పెట్టె పైనున్న దుమ్ము కొంగుతో తుడిచింది.

"బిగించప్పా," అంది. "ఏమీ లేకుండా ఆయన మాత్రం ఎన్ని దినాలని కష్టపడతాడు."