అంచు వదిలిన బూడిద రంగు

నా చిన్నప్పుడు గద్వాలలో మేమున్న నేతవీధిలో ఒక రంగు నాది. ఆ సంగతి మా తాతయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

తాతయ్య నూలుకు నల్లరంగు వేశాక గంగాళం అడుగున మిగిలిన నీళ్లలో, ఆటగా ఒక చిన్న తెల్ల నూలు కట్ట ముంచాను. బూడిద రంగు తేలింది. ఎండాక దాని పక్కన ఎర్ర పట్టుదారం పెట్టి చూపించాను. చీర ఒళ్లంతా ఆ బూడిద నూలుతో నేసి, అంచుకు ఆ ఎర్ర పట్టు వేస్తే బాగుంటుందన్నాడు తాతయ్య. సంతోషం పట్టలేక ఆ పూట నేను అన్నం కూడా తినలేదు.

అప్పట్లో మా చీరలు దుకాణాల్లో కదలడం లేదు. కొత్త రంగు రాకపోతే మగ్గాలు నిలిచిపోతాయని అందరికీ తెలుసు. అయినా నేతగాళ్ల మీటింగులో ఎవరేం చెప్పినా ఎదురింటి పెద్దాయన తల అడ్డంగా ఊపేవాడు. ఆయన్ను చూసి అందరూ ఊపేవారు. తాతయ్య నన్ను వెంటబెట్టుకుని ఆ మీటింగుకు వెళ్లాడు. అందరి ముందు నా పేరు చెబుతాడని కొత్త గౌను వేసుకున్నాను.

తీరా చూస్తే తాతయ్య ఆ బూడిద నూలుతో నేసిన గుడ్డముక్క ఒక్కటే బయటికి తీశాడు. ఎర్రదారం జేబులోనే ఉంచుకున్నాడు.

"గీ రంగు ఎవరు కడ్తరు? సావు ఇంటికి పోతున్నమా?" అన్నాడు పెద్దాయన.

"నేను గూడ గదే పరేషాన్ల ఉన్ననే అన్నా. దీనికి ఏ అంచు పడ్తదో నాకైతే తెల్వది. నువ్వే జర చెప్పు" అన్నాడు తాతయ్య.

పెద్దాయన గుడ్డను వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. "ఎరుపు ఎయ్యి, మంచిగుంటది" అన్నాడు. నేను లేచి అరవబోతే తాతయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మొదటి చీర పెద్దాయన మగ్గం మీదే ఎక్కింది. తర్వాత వీధి వీధంతా నేసింది. దానికి 'పెద్దాయన రంగు' అని పేరు పడింది. ఆయన మనవరాలు "గిది మా తాత రంగు" అని బళ్లో మురిసిపోతుంటే నేను కళ్లలో నిప్పులు పోసుకున్నాను. దాని జడకున్న రిబ్బన్లు కూడా నావేననిపించేది.

ఇంటికొచ్చి ఏడిస్తే తాతయ్య అడిగాడు. "చీర మగ్గం ఎక్కాల్నా, నీ పేరు నలుగురి నోట్ల పడాల్నా బిడ్డా?"

"రెండూ కావాలె" అన్నాను.

"నాకు గూడ గట్లనే ఉంటది" అని నవ్వి మగ్గం దగ్గరికి పోయాడు.

పెద్దయ్యాక వనపర్తిలో ఒక ఆఫీసులో పనిచేశాను. పింఛను కోసం ఎండలో వరుసకట్టే ముసలివాళ్లకు టోకెన్లిచ్చి కూర్చోబెడదామని మీటింగులో అన్నాను. అన్నిటికీ అడ్డుపడే మా సీనియర్ వైపు తిరిగి, ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం మీరే చెప్పాలన్నాను. ఆయన చెప్పాడు, మర్నాడే బెంచీలు పడ్డాయి. చప్పట్లు ఆయనకే. నేనూ కొట్టాను, కడుపు మండుతూనే.

మొన్న ఒక పెళ్లిలో ఆ చీర కట్టుకున్న పిల్ల కనబడింది. ఇదేం రంగని కావాలనే అడిగాను.

"పెద్దాయన రంగు అంటరు అమ్మమ్మా" అంది.

అంచు పట్టుకుని చూసి, చాలా బాగుంది బిడ్డా అన్నాను. ఆ పూట కూడా నాకు అన్నం సహించలేదు.