వానదేవుడి మీసాలు

ఎండబెట్టిన మట్టిబొమ్మల మీద నిన్న నాలుగు చినుకులు పడ్డాయి. తడిసిన బంకమట్టి వాసనకు, కోడుమూరు దగ్గరి మా ఊళ్ళో తెల్లదొరల కాలంలో వచ్చిన ఒక కరువు గుర్తొచ్చింది.

వానలు లేకపోతే మా ఊళ్ళో మట్టితో వానదేవుణ్ణి చేసి, పిల్లల నెత్తిన పెట్టి ఇంటింటికీ తిప్పేవారు. ఆ ఏడు బొమ్మను నేనే చేశాను. కళ్ళకు గురిగింజలు గుచ్చి, మీసాలు మెలితిప్పాను.

"అచ్చం మీ తాత లెక్కనే ఉండాడే," అని మేనత్త నవ్వింది.

ఊరంతా తిప్పాక ఆ బొమ్మను మా గూట్లో పెట్టి పూజిస్తారనుకున్నాను. మొదటి ఇంటావిడ చెంబుతో నీళ్ళు తేగానే భయపడి, బొమ్మను పావడాలో దాచుకుని పరుగెత్తాను. మా అవ్వ నా జడ పట్టుకుంది.

"యాడికి పోతాండావే? నీళ్ళు పొయ్యకుంటే వాన ఎట్ల వస్తాది?"

"కరిగిపోతాడు అవ్వా."

"కరగాలనే గదనే చేసింది."

బొమ్మను మళ్ళీ నా నెత్తిన పెట్టి, తాగేందుకు దాచుకున్న నీళ్ళలోంచి ఇంటికో చెంబు పోశారు. మీసాలు, ముక్కు నా నుదుటి మీదుగా జారిపోయాయి. నేను ఏడుస్తుంటే, "ఏడ్చనీలే, అవీ నీళ్ళే గదా," అంది మేనత్త. వాన మాత్రం ఆ ఏడు రాలేదు.

బడి చదువు లేకపోయినా, సొంతంగా అక్షరాలు నేర్చుకుని, పెద్దయ్యాక కర్నూలు గ్రంథాలయంలో శిల్పాల పుస్తకాలన్నీ చదివాను. వెయ్యేళ్ళు నిలిచిన రాతిబొమ్మల గురించి అడిగితే ఇప్పటికీ చెప్పగలను. కరగడానికే చేసే బొమ్మ గురించి మాత్రం వాటిలో ఎక్కడా లేదు. నేను బతికింది అలాంటి బొమ్మలు చేసి అమ్ముకునే. పండగ కాగానే అన్నీ తుంగభద్రలో కలిసేవి.

నిన్న లేచి బొమ్మలను లోపల పెట్టాల్సింది. ఓపిక లేక అరుగు మీదే కూర్చుని, వాన ఇంకాస్త గట్టిగా పడితే బాగుండునని చూశాను.