సారలమ్మ తలుపు ముందు కూర్చున్న మధ్యాహ్నం

సారలమ్మ నాచారంలో ఆశ కార్యకర్త. పదకొండేళ్లుగా గర్భిణుల పేర్లు రాసుకుంటూ, పిల్లలకు టీకాలు వేయిస్తూ బస్తీలో ఎక్కని మెట్టు లేదు. భర్త కొమురెల్లి మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నాలుగేళ్ల కిందట అతనికి ఎవరివో మాటలు వినబడటం మొదలైంది. నీళ్లలో విషం కలుపుతున్నారని ఒకరోజు వీధిలో నిలబడి అరుస్తుంటే ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన కానిస్టేబుల్ అతన్ని బోర్లా పడేసి, బట్టలారేసే తాడు తెంపి చేతులు కట్టాడు. మూగిన జనం వీడియో తీశారు. మందులతో ఆ మాటలు తగ్గాయి గానీ కొమురెల్లి మళ్లీ పనికి పోలేదు. ఖాకీ కనబడితే బాత్రూంలో దూరి గడియ పెట్టుకునేవాడు.

పోయిన జూన్‌లో ఉప్పల్‌లో రెండు రోజుల శిక్షణ పెట్టారు. మనసు అదుపు తప్పిన మనిషి దగ్గరికి ముందుగా వెళ్లేవాళ్లు ఎలా మసలుకోవాలో పోలీసులకు, అంబులెన్స్ సిబ్బందికి, ఆశలకు కలిపి నేర్పారు. తొందరపడొద్దని, దూరంగా కూర్చోమని, పేరు పెట్టి పిలవమని, అబద్ధం చెప్పొద్దని డాక్టర్ గౌతమి చెప్పింది. తర్వాత ఇద్దరిద్దరిని జతచేసి ఒకరిని రోగిగా నటించమంది. సారలమ్మకు జతగా వచ్చినవాడు కానిస్టేబుల్ బాలరాజు. ఆ ముఖం చూడగానే ఆమె గుర్తుపట్టింది.

"మొదలువెడుదమా అమ్మా?"

"మా ఆయన చేతులు గట్టింది నువ్వే సారూ. నాచారంల."

బాలరాజుకు గుర్తురావడానికి కొంతసేపు పట్టింది. "గప్పుడు మాకు గంతే తెలుసు," అన్నాడు. క్షమించమని అడగలేదు. సాయంత్రం వెళ్లేటప్పుడు మాత్రం తన ఫోన్ నంబరు రాసిచ్చాడు.

ఆగస్టులో కొమురెల్లి మాత్రలు ఉమ్మేయడం మొదలుపెట్టాడు. ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఒక మధ్యాహ్నం మేడమీది ఇంటికి వచ్చేసరికి లోపల గడియ.

"రాకు. కత్తి ఉంది నా దగ్గర," అన్నాడు లోపలినుంచి.

అంబులెన్స్ రావడానికి టైం పడుతుందన్నారు. ఆమె బాలరాజుకు ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్నవాడు ఉన్నపళంగా వచ్చాడు. కిటికీలోంచి ఖాకీ చూసి కొమురెల్లి కేకపెట్టాడు. తల గోడకు బాదుకుంటున్న చప్పుడు బయటికి వినబడింది.

బాలరాజు వెనక్కి జరిగాడు. "నేనుంటే పనిగాదు. కిందికి వోత. నువ్వు కూసో."

"నాతోని గాదు సారూ."

"నాతోని అసలే గాదమ్మా."

అతను మెట్లు దిగి, గేటు వేసి, అరుపులకు మూగిన గుంపును ఆపాడు. సారలమ్మ తలుపుకు నాలుగడుగుల దూరంలో నేలమీద కూర్చుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె మొగుణ్ని పేరుతో పిలిచి ఎరగదు.

"కొమురెల్లీ," అంది. మళ్లీ అంది.

"తాడు తెచ్చిన్రు," అన్నాడు లోపలినుంచి.

"మస్తు భయమైతుంది గదా నీకు."

"ఆడు పోయిండా?"

పోయాడని చెప్పాలనిపించింది. "కింద ఉన్నడు. పైకి రాడు," అంది.

తర్వాత లోపల చప్పుడు ఆగిపోయింది. పేరు పెట్టి ఎంత పిలిచినా పలుకు లేదు. చచ్చిపోయాడనుకుంది. తలుపు బద్దలుకొట్టమని కేకేయబోయి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియదు. చివరికి గడియ తీసిన చప్పుడైంది. నుదురు వాచి, లుంగీ తడిసి, కొమురెల్లి గుమ్మంలో నిలబడ్డాడు. కత్తి వెనకాల నేలమీద ఉంది.

అంబులెన్స్ వాళ్లు అతన్ని కట్టేయకుండానే దించారు. బాలరాజు అతని కంటబడకుండా పక్క గల్లీలోకి వెళ్లిపోయాడు.

దవాఖానాలో పడుకోబెట్టాక కొమురెల్లి గోడవైపు తిరిగాడు. "నువ్వే పట్టిచ్చినవ్," అన్నాడు.

పద్దెనిమిది రోజులైంది. ఆమె చేత్తో ఇస్తే అతను అన్నం ముట్టడు. పొద్దున బస్తీ తిరిగి, మధ్యాహ్నం బస్సెక్కి, డబ్బా నర్సుకిచ్చి, అతను తినేదాకా సారలమ్మ వరండాలో కూర్చుంటోంది.