పేలుడు లేదన్న గొంతు

మా శైలజ సంగతి అడగనొస్తే గిట్ల కూసో, చెప్త. నడుమల అడ్డం రావొద్దు. "బిడ్డే తండ్రిని సంపుకున్నదట గద" అని బజార్ల అంటున్నరు, వాళ్ల నోళ్లు పడిపోను! ఆ మాట నా ఇంట్ల మాత్రం ఎత్తొద్దు.

మేము గొల్లోళ్లం. మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి గుట్టల కింద మా ఊరు. మా ఆయన పేరు గోపయ్య. నా పేరు భద్రమ్మ. మాకు ఒక్కతే బిడ్డ శైలజ. చిన్నప్పుడు బడి నుంచి రాంగనే గట్టెక్కి మందను పిలిచేది. ఆయన గొంతు చించుకున్నా కదలని గొర్లు గా పిల్ల పిలుపుకు గిరుక్కున మర్లేటియి. "చూసినవా, బిడ్డ గొంతుల ఏమున్నదో!" అని మురిసేటోడు.

కోదాడల డిగ్రీ చదివి, హైదరాబాద్‌ల ఒక కంపెనీల కంప్యూటర్ పని చేసింది. మనుషులను తగ్గిస్తున్నమని తీసేసిండ్రు. మూటాముల్లె సర్దుకొని ఇంటికొచ్చింది. ఊకె కూసునే రకం కాదది. దొడ్డి పక్క అర్రల లాప్‌టాప్ ముంగటేసుకొని పొద్దుమాపు టక్కుటక్కు కొట్టేది.

"ఎవలతోని ముచ్చట పెడుతున్నవే?" అన్న ఒకనాడు.

"ఇది ఏఐ ఎడిటర్ అమ్మా. నాకేం గావాల్నో చెప్తే ప్రోగ్రాం అదే రాస్తది."

"అన్నీ అదే రాస్తే ఇగ నువ్వెందుకు?"

నవ్వింది. అప్పుడు మస్తు నవ్వేది.

మా గుట్ట మీద క్వారీ ఉన్నది. మందు పెట్టి బండ పేలుస్తరు. ఏ దిక్కు పేలుస్తరో, ఎప్పుడు పేలుస్తరో దినానికో తీరు. ఎర్రజెండా ఎత్తుతరు, సైరన్ కొడ్తరు. షిఫ్టు మారినా సైరనే కొడ్తరు, మరి ఏది ఏందో ఎట్ల ఎరుక? అందుకే మావోళ్లు జెండా చూసుకొనే మంద తోలేది.

ఆనాటి పేలుడు సంగతి క్వారోళ్లు వాళ్ల వెబ్‌సైటుల పెడ్తరని శైలజ కనిపెట్టింది. మా ఆయనకు అక్షరం రాదు, వెబ్‌సైటు ఏం చదువుతడు? గందుకని అది తన ఎడిటర్‌ను ఆ వెబ్‌సైటుకు కలిపింది. "ఇన్నాళ్లు ఈ ఎడిటర్ తనకెరుకున్నదే రాసేది. ఇప్పుడు క్వారీల ఇయ్యాల ఏమున్నదో చూసుకుంట రాస్తది" అని చెప్పింది. అట్ల ఒక ప్రోగ్రాం చేసింది. పొద్దుగాల్నే గొల్లోళ్లందరి ఫోన్లు మోగుతయి. మాటలు తన గొంతుతోనే నింపింది. ఉంటే, "ఇయ్యాల పేలుడున్నది, పైకి పోకుండ్రి" అంటది. లేకుంటే, "ఇయ్యాల పేలుడు లేదు, నిమ్మళంగ పోండ్రి" అంటది.

అబ్బో, ఆయన సంబురం చూడాలె! స్పీకర్ పెట్టి వాడకట్టంత ఇనిపిచ్చేటోడు. నాకు మరిది వరుసైతడు ఐలేశం, ఆయన కూడా మందకాడోడే. "ఏమో గోపన్నా, నేనైతె జెండా చూసే పోత" అన్నడు. "ఏం రా, నా బిడ్డ మీద నమ్మకం లేదా?" అని మీదికి లేచిండు మా ఆయన. గప్పటి సంది ఆయన జెండా దిక్కు చూసుడే బంద్ జేసిండు.

వానకాలం మొదలైంది. పిడుగుల సంగతి గూడ చెప్పాలె నాయినకు అని శైలజ ఇంకో పని పెట్టుకున్నది. ఎడిటర్‌ను వాతావరణపోళ్ల దానికి గూడ కలుపుతాంటే, క్వారీ వెబ్‌సైటు పలుకుడు బందైంది. పలుకుతలేదని చెప్పొచ్చు గద ఆ పాడు ఎడిటర్! చెప్పలే. క్వారీ మాట ఉండే జాగ ఖాళీ ఉండొద్దని నమూనాకు "పేలుడు లేదు" అని తనే పెట్టుకొని, మిగిలిన పని చేసుకపోయింది. పని అయినంక అన్నీ సరిగ్గున్నయన్నది. పిల్ల నమ్మింది. ఉన్నదున్నట్టు ఫోన్లకు ఎక్కించింది.

తెల్లారి ఫోన్ మోగింది. "ఇయ్యాల పేలుడు లేదు" అన్నది బిడ్డ గొంతు. ఆయన సద్దిమూట చంకకేసుకొని మందను తోలుకపోయిండు.

తర్వాతిది ఐలేశం చెప్పిందే. ఐలేశం జెండా చూసి మందను మర్లేసిండు. ఇంతల సైరన్ కొట్టిండ్రు. "గోపన్నా, మర్లు! పేలుస్తాండ్రు!" అని మొత్తుకున్నడు. పైనుంచి మా ఆయన చెయ్యి ఊపి, "అది షిఫ్టు సైరన్ రా! పేలుడు లేదని పిల్ల చెప్పింది" అన్నడట. క్వారీ కాపలాయన ఉరికిండు గని అందలే.

దుప్పటి కప్పే ఇంటికి తెచ్చిండ్రు. మొకం చూస్తనంటే నన్ను చూడనియ్యలే.

ఆ ఫోన్లు అన్నీ ఆ దినమే బంద్ చేసింది శైలజ. ఇగ నోరు గూడ బంద్ చేసింది. అన్నం తింటవా అంటే తల ఊపుతది, అంతే. బాయి దిక్కు పోతదేమోనని నేను దాని ఎంబడే తిరిగేది. మొగడు పోయిన దుఃఖం పక్కకు పెట్టి బిడ్డను కాసుకున్న.

గొర్లను అమ్మినంక ఐలేశం వచ్చిండు. "వదినె, నా కంటికి జెండా ఆనుతలేదు. పిల్లను ఫోన్ మళ్ల పెట్టమను" అన్నడు. "నీకేమన్న సిగ్గున్నదారా? బుద్ధున్నదా?" అని తిట్టి ఎల్లగొట్టిన. వాకిట్ల తడుముకుంట చెప్పులు ఏసుకొని పోయిండు. శైలజ అర్రల నుంచి చూసింది.

తెల్లారి లాప్‌టాప్ తెరిచింది. ఎడిటర్ రాసిన ఒక్కొక్క వరుస వేలు పెట్టుకుంట చదివింది. వెబ్‌సైటు పలుకకపోతే పలుకలేదనే చెప్పాలె, సొంతంగ ఏం నింపొద్దు అని కట్టడి చేసింది. అయితె ఆ మాట ఎవలన్న తమ గొంతుతోని ఫోన్ల రికార్డు చెయ్యాలె గద. ఫోన్ మూతికాడ పెట్టుకున్నది. పెదిమెలు కదిలినయి గని గొంతు రాలే. నేనే ఫోన్ గుంజుకున్న.

"ఏమనాలె?"

"తెలువదని చెప్పు అమ్మా" అన్నది. ఆయన పోయినంక అది మాట్లాడుడు అదే మొదలు.

"ఇయ్యాల సంగతి నాకు తెలువది. పోకుండ్రి. జెండా చూసేదాక ఎవ్వలు పైకి పోకుండ్రి" అని చెప్పిన.

మొన్న పొద్దుగాల ఫోన్లు మళ్ల మొదలైనయి. ఆ పూట వెబ్‌సైటు పలుకలేదేమో, గూట్లె ఆయన ఫోన్ గూడ మోగింది. శైలజ ఆయన నంబరు తీసెయ్యలే, నేను ఛార్జింగ్ పెట్టుడు మానలే. ఎత్తితే నా గొంతే, పోకుండ్రి అంటాంది. శైలజ గడపల నిలబడి ఏడుస్తాంది.

"నాయిన నంబరు తీసెయ్యనా అమ్మా?"

"వద్దు బిడ్డా" అన్న. "ఆయనకు రావాల్సిన మాటే అది. రానీ."