ఉచిత కుట్టు శిక్ష కేంద్రం

బోర్డులు రాయడం నాకు మా మామయ్య నేర్పాడు. ఆయన బొగ్గు బాయిలో హెచ్చరిక బోర్డులు రాసి రిటైరైన మనిషి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆయన బ్రష్‌లు కడిగిపెట్టేదాన్ని. తర్వాత ఆయన గీసిన గీతల మధ్య రంగు నింపేదాన్ని. అట్లా అట్లా నేనే రాసేదాకా వచ్చాను. ఆయన పక్కన లేకుండా నేను ఒప్పుకున్న మొదటి పని ములకలపల్లి దగ్గర ఒక కుట్టు కేంద్రం బోర్డు. అంతకుముందు కట్టిన ఫ్లెక్సీ రెండు గాలివానలకే పీలికలైందట. ఈసారి ఇనుప రేకు మీద రంగుతోనే రాయాలని అక్కడి టీచరమ్మ పట్టుబట్టింది.

మొదటి రోజు రేకుకు నీలం వేసి ఆరబెట్టాను. అక్షరాలు పసుపువి కావాలంది టీచరమ్మ. పసుపు రంగు పలచన. నీలం మీద నేరుగా వేస్తే ఆకుపచ్చగా తేలుతుంది. అందుకని రెండో రోజు అక్షరాలన్నీ తెలుపుతో రాసి, మూడో రోజు వాటి మీదే పసుపు దిద్దాను. కింది వరుసలో ‘క్ష’ ఉంది. ఆ అక్షరమంటే నాకు మొదటినుంచీ దడ. ఆ వేళ ఎంత ముద్దుగా కుదిరిందంటే, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, తనివితీరా చూసుకుని మరీ వచ్చి పని ముగించాను.

టీచరమ్మ చాయ్ గ్లాసుతో బయటికొచ్చి బోర్డు చదివింది. ఇంకోసారి చదివింది.

“అమ్మా, మేమేం తప్పు చేసినమే?” అంది.

“ఏమైంది టీచర్?”

“నువ్వే చదువు.”

చదివాను. మహిళలకు ఉచిత కుట్టు శిక్ష కేంద్రం.

శిక్షణలో ‘ణ’ లేదు. నిన్న తెల్లటి అక్షరాల్లోనూ లేదన్నమాట. కుట్టు నేర్చుకునే పన్నెండు మంది ఆడవాళ్లు నిన్నంతా దాని పక్కనుంచే లోపలికీ బయటికీ తిరిగారు.

మిషన్లు ఆపి అందరూ బయటికొచ్చారు. వాళ్లలో పెద్దావిడ బోర్డును ఎగాదిగా చూసి, “ఉన్న మాటనే రాసింది గదా! పొద్దటిసంది వంగి వంగి నా మెడ ఇరిగిపోయింది. ఇది శిక్ష గాక ఏంది?” అంది. వెనకనుంచి ఇంకొకామె, “గా శిక్ష గూడ ఉచితమేనంట!” అంది. అంతే, వాకిలంతా నవ్వులు. మొదట నాకు ఏడుపొచ్చింది. పెద్దావిడ నవ్వలేక కింద కూలబడటం చూశాక నాకూ నవ్వు ఆగలేదు. చేతిలో బ్రష్ ఊగి నీలం మీద మూడు పసుపు చుక్కలు పడ్డాయి.

మామయ్యకు ఫోన్ చేశాను.

“మామయ్యా, శిక్షణల ణ మర్చిపోయిన.”

“మొత్తం ఏం రాసినవో చదువు బిడ్డా.”

చదివాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత చెప్పాడు. “పచ్చిగున్నప్పుడే తుడువు. గుడ్డను టర్పెంటైన్ల ముంచకు, జర తడి చెయ్యి, అంతే. బయటినుంచి లోపలికి గుంజు.”

కంగారులో నేను గుడ్డను నిండా ముంచేశాను. పసుపు కరిగి చెరువులో నాచులా ఆ వరుసంతా పాకింది. అడుగున ఆరిపోయిన తెలుపు మాత్రం కదల్లేదు. ‘శిక్ష’ ముందుకన్నా తెల్లగా మెరుస్తూ బయటపడింది. మళ్లీ నవ్వులు.

మర్నాడు గరుకు కాగితంతో ఆ వరుసంతా రుద్దాను. కొత్తగా తెచ్చిన నీలం డబ్బా మీద పేరు అదే, రంగు మాత్రం అది కాదు. పూసి ఆరాక చూస్తే అతుకు వేసినట్టుంది. వాళ్లలో అడవి పక్క ఊరినుంచి వచ్చే ఒకామె ఉండేది, పెద్దగా మాట్లాడేది కాదు. ఆమె నీలం దారపు రీలు తెచ్చి రెండు నీలాల పక్కనా పెట్టి చూసి, “పాతదానికి పొగ పట్టినట్టున్నది. కొత్తదానికి పొగ లేదు” అంది. నిజమే. ఒక చుక్క నలుపు కలిపాను, సరిపోలేదు. ఇంకొకటి వేస్తే మరీ మబ్బైంది.

మళ్లీ మామయ్యకే ఫోన్. “మచ్చను నడుమ ఆపితే మచ్చ లెక్కనే కనవడ్తది. ఈ కొసకెల్లి ఆ కొసదాక పట్టీ గుంజు. ముదురు రంగు ఏదన్న తీస్కో, ఒక్కసారికే కప్పుతది.”

“చీరకు అంచు లెక్కన!” అంది ఫోను పక్కనే వింటున్న ఆ మాట్లాడని ఆమె.

ఇక చూడాలి! మిషన్ల దగ్గరున్న రీళ్లన్నీ బయటికొచ్చాయి. బోర్డు ముందు పన్నెండు చేతులు, పన్నెండు రంగులు. ఆకుపచ్చ అని ఒకరు, వంకాయ రంగని ఒకరు. పెద్దావిడ గులాబీ కోసం కొట్లాడింది. చివరికి మెరూన్ గెలిచింది. ఆ రీలు చేతపట్టుకుని రంగుల కొట్టుకెళ్లి, దానికి దగ్గరగా ఉన్న డబ్బా తెచ్చాను. నాచు, తెలుపు, పసుపు చుక్కలు, ఆ అతుకు నీలం అన్నీ ఆ పట్టీ కింద కనిపించకుండా పోయాయి. ఇంత అందం ముందే ఎందుకు తోచలేదా అనిపించింది.

మరుసటి రోజు పట్టీ మీద తెల్లగా అక్షరాలు మొదలుపెడితే, వెనక నిలబడి అందరూ బడిలో పిల్లల్లా పైకి చదవసాగారు. ‘క్ష’ అయ్యీ కాకముందే “ణ!” అని ఒక్కసారిగా అరిచారు. బ్రష్ పక్కన పెట్టి, నవ్వు ఆగేదాకా మెట్టు మీద కూర్చున్నాను.

సాయంత్రం బోర్డు ఎక్కించాక టీచరమ్మ ఫొటో తీసి మామయ్యకు పంపింది. వెంటనే ఫోనొచ్చింది. అందరికీ వినిపించేలా పెట్టాను.

“మంచిగున్నది బిడ్డా. కేంద్రంల సున్నా ఒక్కటి జర సన్నగైంది.”

పన్నెండు మందీ ఫోను మీద పడి ఆయనతో కొట్లాటకు దిగారు.